ఉత్తరం చేరేసరికి

పారిస్‌లో ఒక సంతకం, మారిషస్‌లో ఒక ప్రకటన, కలకత్తాలో ఒక భయం. 1798లో ఐరోపా యుద్ధం మన మూసీ ఒడ్డు దాకా వచ్చింది కాగితాల మీదే.

నాగోలు వంతెన మీద నిలబడి పడమటి దిక్కుకు చూస్తే మూసీ ఒక మలుపు తిరిగి కనుమరుగవుతుంది. నది వెంట ఎగువకు పోతే చైతన్యపురి, ఆ పైన మూసారాంబాగ్. వరద పొంగితే మూసారాంబాగ్, అంబర్‌పేటల మధ్య రాకపోకలు ఆగిపోయాయన్న కబురు మా వైపు వాళ్లకు వానాకాలంలో అలవాటైనదే. ఆ దాపునే, నదికి దక్షిణపు ఒడ్డున, 1798లో ఒక పెద్ద దండు విడిది చేసి ఉండేది. నిజాం అలీ ఖాన్ దగ్గర జీతం తీసుకునే దళం అది. మొత్తం బలం 14,000 మంది దాకా. అధికారులు ఫ్రెంచివాళ్లు. విడిదిలో ఎగిరేది ఫ్రెంచి విప్లవం నాటి మూడు రంగుల జెండా. చొక్కా గుండీల మీద విప్లవకారుల టోపీ బొమ్మ.

ఆ ఏడాది అక్టోబరు 22న ఆ విడిదిలో ఉన్న దాదాపు 11,000 మంది సిపాయిలు తుపాకులు కింద పెట్టేశారు. యుద్ధం జరగలేదు. చీకటి పడేలోపు దక్కనులో ఫ్రెంచివాళ్ల కథ ముగిసింది. ఆ సిపాయిలు ఎవరి చేతిలోనూ ఓడలేదు. వాళ్ల భవిష్యత్తును తేల్చిన ఉత్తరాలు కొన్ని ఆఫ్రికా చివరన ఉన్న కేప్‌లో మొదలయ్యాయి, కొన్ని మారిషస్‌లో, కొన్ని కలకత్తాలో. వాటిలో ఒక్కటి కూడా ఆ సిపాయిలకు రాసింది కాదు.

నాగోలులో ఇల్లు కట్టుకుని ఇరవై ఏళ్లయింది. ఇన్నేళ్లూ దిల్‌సుఖ్‌నగర్‌కు పోతూ వస్తూ మూసారాంబాగ్ అనే మాటను బోర్డు మీద చదవడమే తప్ప, అది ఆ దండును నడిపిన రేమండ్ అనే ఫ్రెంచి సేనాని పేరని నాకు ఆలస్యంగా తెలిసింది. తెలిసిన దగ్గర్నుంచి ఆ ఒక్క సంవత్సరం నన్ను వదిలిపెట్టలేదు.

జరీ సంచిలో వచ్చే మాట

ఆనాటి దౌత్యమంటే ఉత్తరమే. ఫోను లేదు, తంతి లేదు. ఒక రాజు మాట ఇంకో రాజు చెవిన పడాలంటే మున్షీ దాన్ని పారశీకంలో రాయాలి, మొహరు వేయాలి, జరీ సంచిలో పెట్టి ఖరీతాగా పంపాలి. దాన్ని మోసుకుపోయేది హర్కారా. కాలినడకన, పరుగున, మజిలీ మజిలీకి చేతులు మారుతూ. ప్రతి కొలువులో పొరుగు రాజ్యాల వకీళ్లు ఉండేవాళ్లు. వాళ్లతో పాటు అఖ్బార్ రాసేవాళ్లు. పేష్వాను ఎవరు కలిశారు, ఎంతసేపు మాట్లాడారు, ఏ సర్దారు అలిగి డేరాకు వెళ్లిపోయాడు... అన్నీ కాగితం మీదికి ఎక్కేవి. పూనా నుంచి నిజాం కొలువుకు అలా వచ్చిన వార్తాలేఖల్ని 1950లలో హైదరాబాదు సెంట్రల్ రికార్డ్స్ ఆఫీసు ‘పూనా అఖ్బార్స్’ పేరుతో మూడు సంపుటాలుగా అచ్చువేసింది. నిజాం అలీ ఖాన్ కాలం నాటి వార్తాలేఖలతో యూసుఫ్ హుసేన్ సంపాదకత్వంలో ఇంకో సంపుటం వచ్చింది. ఆ సంస్థే ఇప్పుడు తార్నాకలో ఉన్న రాష్ట్ర పురాభిలేఖాగారం.

ఇంగ్లీషువాళ్ల ఉత్తరాల దారి వేరు. లండన్ నుంచి కేప్ చుట్టూ తిరిగి వచ్చే ఓడకు అయిదారు నెలలు పట్టేది. బస్రా, అలెప్పోల మీదుగా ఎడారి దారిన వచ్చే టపా అంతకన్నా ముందు చేరేది, దొంగల చేతిలో పడకపోతే. అందుకే ఒకే ఉత్తరానికి రెండు మూడు నకళ్లు రాసి వేర్వేరు ఓడల్లో పంపేవాళ్లు. గుట్టు మాటలుంటే అంకెల సంకేతంలో రాసేవాళ్లు. ఎంత జాగ్రత్తపడ్డా ఒక్కదాన్ని మాత్రం ఎవరూ ఆపలేకపోయారు. ఉత్తరం దారిలో ఉండగానే లోకం మారిపోయేది.

దీనికి మన దక్కనులోనే ఒక సాక్ష్యం ఉంది. ఏడేళ్ల యుద్ధం ముగిసి, 1763 ఫిబ్రవరి 10న పారిస్‌లో ఇంగ్లండు, ఫ్రాన్సు, స్పెయిన్ సంధి రాసుకున్నాయి. పదకొండో అధికరణంలో దక్కను సుబేదారుగా సలాబత్ జంగ్‌ను ఇంగ్లండు, ఫ్రాన్సు రెండూ గుర్తిస్తున్నట్టు ఒప్పుకున్నాయి. అప్పటికి ఏడు నెలల కిందే, 1762 జులైలో, తమ్ముడు నిజాం అలీ ఖాన్ అతన్ని గద్దె దింపి బీదరు కోటలో ఖైదు చేశాడు. పారిస్‌లో రాజుగా గుర్తింపు పొందిన మనిషి ఇక్కడ ఖైదీ. ఆ సెప్టెంబరులో అతను చెరలోనే ప్రాణం విడిచాడు. పారిస్ సంధి సంగతి నిజాం అలీకి చేరడమే ఆ చావును తొందరపెట్టిందని కొందరు చరిత్రకారులు రాశారు. ఎక్కడో బల్ల మీద, మంచి చేస్తున్నామనుకుని రాసిన ఒక వాక్యం ఆరు నెలల ప్రయాణం చేసి ఒక మనిషి గొంతు నులిమిందన్నమాట. ఈ సంగతి చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్రపట్టలేదు.

బుస్సీ నుంచి జోగిపంతులు దాకా

రేమండ్ కన్నా ముందు బుస్సీ. 1751లో సలాబత్ జంగ్ వెంట దక్కనుకు వచ్చిన ఈ ఫ్రెంచి సేనాని, తన సైన్యం ఖర్చు కోసం 1753లో ఉత్తర సర్కార్లు రాయించుకున్నాడు. కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం. కోస్తా తెలుగు నేలలో అధిక భాగం ఒక్క సనదుతో చేతులు మారింది. దీన్ని ఓర్చలేని దివాను షా నవాజ్ ఖాన్ 1756లో బుస్సీని కొలువు నుంచి తీసేయించాడు. ఫ్రెంచివాళ్లను తరమడానికి సైన్యం కావాలని మద్రాసు ఇంగ్లీషువాళ్లకు ఉత్తరం వెళ్లింది. మద్రాసులో దండు సిద్ధమవుతోంది. ఇంతలో కలకత్తా కోటను బెంగాల్ నవాబు సిరాజుద్దౌలా పట్టుకున్నాడన్న కబురు వచ్చింది. దక్కనుకు రావలసిన దండు క్లైవు వెంట బెంగాలుకు పోయింది. హైదరాబాదులో చార్‌మహల్ తోటలో చుట్టుముట్టబడి ఉన్న బుస్సీ బతికిపోయాడు. అక్కడ ప్లాసీ జరిగింది. ఒక్క కబురు రెండు వారాలు ఆలస్యమై ఉంటే ఈ దేశం చరిత్ర ఎటు తిరిగేదో నేను చెప్పలేను, కానీ ఆ ఆలోచన రాకుండా మాత్రం ఉండదు.

1757 జనవరిలో బొబ్బిలి. అది తెలుగువాళ్లందరికీ తెలిసిన కథే కనుక ఇక్కడ తిరిగి చెప్పను. ఒక్కటి మాత్రం గుర్తుచేస్తాను. ఐరోపాలో ఇంగ్లండు, ఫ్రాన్సు 1756 మేలో యుద్ధం ప్రకటించుకున్నాయి. ఆ యుద్ధం పేరుతోనే 1757 జూన్‌లో బుస్సీ విశాఖపట్నంలోని ఇంగ్లీషు వర్తక స్థావరాన్ని పట్టుకున్నాడు. ఏడాది పాటు ప్రయాణించి వచ్చిన పగ అది.

మరుసటి ఏడాది బుస్సీని ఫ్రెంచి సేనాధిపతి లాలీ వెనక్కి పిలిచాడు. విజయనగరం ఆనంద గజపతి రాజు అదను చూసుకుని విశాఖను తన చేతిలోకి తీసుకున్నాడు. సైన్యం పంపండి, ఫ్రెంచివాళ్లను వెళ్లగొడదామని ముందు మద్రాసుకు రాశాడు. వాళ్లు కాదన్నారు. కలకత్తాకు రాశాడు. క్లైవు ఔనన్నాడు, కర్నల్ ఫోర్డును పంపాడు. 1758 డిసెంబరులో చందుర్తిలో, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నంలో ఫ్రెంచివాళ్లు ఓడారు. ఆ మేలో సలాబత్ జంగ్ ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం రాసుకుని, ఇక ఫ్రెంచివాళ్లను దక్కనులో ఉండనివ్వనని మాట ఇచ్చాడు. విజయనగరం రాజు రాసిన ఆ ఒక్క ఉత్తరం లేకపోతే ఈస్టిండియా కంపెనీ జెండా కోస్తాకు ఇంత త్వరగా వచ్చేది కాదని నా నమ్మకం.

ఇంకొక తెలుగు పేరు ఇక్కడ చెప్పి తీరాలి. 1766 నవంబరు 12న నిజాం అలీ ఉత్తర సర్కార్లను కంపెనీకి ఇస్తూ చేసిన ఒప్పందం వెనక రాయబారం నడిపిన దుబాసీ కాండ్రేగుల జోగిపంతులు. దుబాసీ అంటే రెండు భాషలు తెలిసినవాడు. నిజాం కొలువు మర్యాదను ఇంగ్లీషువాళ్లకు, ఇంగ్లీషువాళ్ల ఆశను నిజాం కొలువుకు విప్పి చెప్పగలిగినవాడు. ఒప్పందం కింద సంతకాలు దొరలవి, మొహరులు నవాబులవి. మధ్యలో మాటలు మోసినవాడు మన పంతులు. పాఠ్యపుస్తకాల్లో క్లైవుకు ఒక పేజీ ఉంటుంది, జోగిపంతులుకు ఒక వాక్యం కూడా అరుదు.

మొస్యూ రేమోఁ, మన మూసారాం

మిషెల్ జొవాషిమ్ మరీ రేమోఁ, ఇంగ్లీషు పలుకుబడిలో రేమండ్, 1755లో ఫ్రాన్సు గాస్కనీ ప్రాంతంలో పుట్టాడు. 1775లో వర్తకానికని పుదుచ్చేరి వచ్చి, సైన్యంలో చేరి, హైదర్ అలీ కొలువు చూసి, 1783లో రెండోసారి భారతదేశానికి వచ్చిన ముసలి బుస్సీకి అంగరక్షక అధికారి అయ్యాడు. ఆ ఏడాది కూడా ఉత్తరం ఆలస్యమే. కడలూరులో బుస్సీ సైన్యం, ఇంగ్లీషు సైన్యం జూన్ నెలంతా కొట్టుకున్నాయి. ఐరోపాలో జనవరిలోనే సంధి మాటలు కుదిరాయి. ఆ కబురుతో తెల్లజెండా ఎగరేసుకుంటూ ఓడ వచ్చేసరికి జూన్ చివరి రోజులు. అప్పటికే చచ్చినవాళ్లు చచ్చారు, శాంతి నడుస్తున్న కాలంలో.

బుస్సీ పోయాక రేమండ్ నిజాం కొలువులో చేరాడు. కొద్దిమందితో మొదలైన దళాన్ని ఏళ్లు తిరిగేసరికి వేలకు పెంచాడు. ఫిరంగులు పోతపోయించాడు. నగరం నడిబొడ్డున ఇప్పటికీ గన్‌ఫౌండ్రీ అని పిలుచుకునే తోప్ కా సాంచా ఆనాటిదే. సిపాయిలకు జీతాలు సమయానికి ఇచ్చేవాడని, మనుషుల్ని మనుషులుగా చూసేవాడని పేరు తెచ్చుకున్నాడు. మొస్యూ రేమోఁ అనే మాట జనం నోట్లో నలిగి ముస్లింలకు మూసా రహీం అయింది, హిందువులకు మూసా రాం అయింది. ఒక పరాయి దేశపు మనిషికి ఒకే నోటితో రెండు మతాల పేర్లు పెట్టుకోవడం దక్కనులోనే జరగగలదు.

1795 మార్చిలో ఖర్దా దగ్గర మరాఠాలతో యుద్ధం. నిజాం ఇంగ్లీషువాళ్ల సాయం అడిగాడు. గవర్నర్ జనరల్ సర్ జాన్ షోర్, మాకు సంబంధం లేదన్నాడు. నిజాం ఓడి, మూడు కోట్ల రూపాయలు, దౌలతాబాదుతో సహా బోలెడు సీమ ఒప్పుకుని, తన ప్రధాని అరస్తూ జాను పూనాలో తాకట్టుగా వదిలి వచ్చాడు. అవసరానికి ఆదుకోని స్నేహం ఎందుకని కంపెనీ పటాలాలు రెంటినీ పంపేశాడు. రేమండ్ దళాన్ని పెంచమన్నాడు. కొన్నాళ్లకే కొడుకు అలీ జా తిరగబడ్డాడు. వెంటాడి అతన్ని పట్టుకున్నది రేమండే. తండ్రి ముఖం చూడలేక దారిలోనే ఆ యువరాజు ప్రాణం తీసుకున్నాడు. నిజాం ఇంగ్లీషు పటాలాలను తిరిగి పిలిపించుకున్నా, ఫ్రెంచి దళం మీద నమ్మకం తగ్గించుకోలేదు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టుకుంటే ఇద్దరూ హద్దులో ఉంటారనుకున్నాడు. చిన్న రాజ్యానికి అంతకన్నా తెలివైన దారి ఆనాడు ఇంకొకటి లేదు. ఆ తూకం మూడేళ్లు నిలిచింది. దాన్ని తలకిందులు చేసిన బరువు ఐరోపా నుంచి వచ్చింది.

1798: నెల తర్వాత నెల

ఈ ఏడాదిని తారీఖుల వరసలో చూస్తేనే అర్థమవుతుంది.

జనవరిలో టిప్పు సుల్తాన్ రాయబారులు మారిషస్‌లో దిగారు. వాళ్ల రాకకు మూలం ఒక అబద్ధం. అంతకు ముందు ఏడాది మంగళూరుకు కొట్టుకొచ్చిన రిపో అనే ఫ్రెంచి నావికుడు, మారిషస్‌లో పెద్ద సైన్యం మీ పిలుపు కోసం ఎదురుచూస్తోందని టిప్పుకు నూరిపోశాడు. అక్కడ సైన్యమేదీ లేదు. గవర్నర్ మలార్టిక్ ఏం చేశాడంటే, టిప్పు కొలువులో చేరదలచినవాళ్లు ముందుకు రండంటూ జనవరి 30న గోడలకు ప్రకటన అంటించాడు. గుట్టుగా నడవాల్సిన వ్యవహారం దండోరా అయిపోయింది. చివరికి టిప్పుకు దక్కినవాళ్లు వంద మందికి లోపే.

ఫిబ్రవరిలో, కొత్త గవర్నర్ జనరల్‌గా వస్తున్న లార్డ్ మార్నింగ్టన్ కేప్‌లో ఆగాడు. ఇతనే తర్వాత వెల్లస్లీగా పేరుపడ్డాడు. అప్పటిదాకా హైదరాబాదులో రెసిడెంటుగా ఉన్న విలియం కిర్క్‌పాట్రిక్ ఆరోగ్యం చెడి అక్కడే ఉన్నాడు. రేమండ్ దళం గురించి వెల్లస్లీ అడిగాడు, విలియం వివరంగా రాసి ఇచ్చాడు. ఆ కాగితాల్లో రేమండ్ బతికి ఉన్నాడు, బలంగా ఉన్నాడు. ఓడ భారతదేశం చేరకముందే, మార్చి 25న, రేమండ్ హైదరాబాదులో కన్నుమూశాడు. దళం పిరాన్ అనే అధికారి చేతిలోకి వెళ్లింది. పిరాన్‌కు రేమండ్ పేరూ లేదు, కొలువులో పలుకుబడీ లేదు. వెల్లస్లీ మనసులో నాటుకున్న భయానికి మాత్రం రేమండ్ అంత ఎత్తు ఉంది.

జూన్ 8న మలార్టిక్ ప్రకటన కలకత్తా పత్రికలో అచ్చయింది. వెల్లస్లీకి కావలసిన సాకు కాగితం రూపంలో చేతికి వచ్చింది. టిప్పు మీదికి దండు కదపమని మద్రాసుకు రాశాడు. సిద్ధంగా లేమని జవాబు వచ్చింది. అప్పుడు అతని చూపు హైదరాబాదు మీద పడింది. టిప్పుతో యుద్ధం మొదలైతే నిజాం దగ్గరున్న ఫ్రెంచి దళం ఎటు నిలుస్తుంది? జులై మొదటి పక్షంలో హైదరాబాదులో అన్న విలియం స్థానంలో పనిచేస్తున్న జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్‌కు సూచనలు వెళ్లాయి. కంపెనీ పటాలాలు పెంచుతామనండి, ఫ్రెంచి దళాన్ని తీసేయించండి. అదే సమయంలో గుంటూరులో పటాలాలను సిద్ధం చేయించారు.

ఇక్కడ ఒక్కమాట. నిజాం భయమంతా మరాఠాలు. కంపెనీ భయమంతా ఫ్రెంచివాళ్లు. ఒకరి భయాన్ని ఇంకొకరి భయంతో ముడివేయడమే ఆ వేసవి ఉత్తరాల పని. పూనా చెర నుంచి తిరిగి వచ్చిన అరస్తూ జా కంపెనీ వైపు మొగ్గాడు. కంపెనీతో రాయబారాల్లో ముందు నుంచీ ఉన్న మీర్ ఆలం కూడా అంతే. ఇప్పటి మీర్ ఆలం చెరువు పేరు ఆయనదే. సెప్టెంబరు 1న ఒప్పందం రాసుకున్నారు. ఆరు పటాలాల కంపెనీ సైన్యం ఎప్పటికీ హైదరాబాదులో ఉంటుంది. దాని ఖర్చుకు ఏడాదికి 24,17,100 రూపాయలు నిజాం ఇస్తాడు. ఫ్రెంచివాళ్లను తీసేస్తాడు. సైన్య సహకార ఒప్పందాలని బడిలో బట్టీపట్టామే, వాటి వరసలో మొదటిది ఇదే. వెల్లస్లీ చేసిన ఆ ప్రయోగం మన ఊళ్లోనే మొదలైంది.

అక్టోబరు 10 నాటికి గుంటూరు పటాలాలు నగరానికి చేరాయి. సంతకం చేసినంత సులువుగా ఆచరణకు నిజాంకు మనసు రాలేదు. తనను కాచిన దళాన్ని తన చేత్తోనే కూల్చమంటున్నారు. పది రోజులు తాత్సారం చేశాడు. ఆ పది రోజుల్లో కిర్క్‌పాట్రిక్ బెదిరించాడు, బతిమాలాడు, చివరికి దండు కదుపుతానన్నాడు. అప్పుడు గానీ ఫ్రెంచి అధికారులను కొలువు నుంచి తీసేసినట్టు ఫర్మానా బయటికి రాలేదు.

21వ తేదీన విడిదిలో సిపాయిలు తిరగబడ్డారు. ఎవరి మీద? తమ ఫ్రెంచి అధికారుల మీదే. బకాయి జీతాలు ఇచ్చి కదలమని వాళ్లను నిర్బంధించారు. మాట్లాడడానికి వెళ్లిన రెసిడెంటు సహాయకుడు జాన్ మాల్కం కూడా ఆ గుంపులో చిక్కుకుపోయాడు. ఒకప్పుడు కంపెనీ పటాలంలో అతన్ని ఎరిగిన సిపాయిలు గుర్తుపట్టి బయటపడేశారు. మర్నాడు తెల్లవారేసరికి కర్నల్ రాబర్ట్స్ దళం విడిదికి ఎదురుగా నిలబడింది. ఇంకో దళం మూసీ అవతలి ఒడ్డున ఫిరంగులు గురిపెట్టింది. ఆయుధాలు పెట్టేస్తే బకాయిలు అందుతాయని మాట ఇచ్చారు. సాయంత్రానికి తుపాకులు గుట్టలు పడ్డాయి. తమ సిపాయిల చేతిలో చిక్కిన ఫ్రెంచి అధికారులు ఇంగ్లీషు శిబిరంలోకి రావడమే మేలనుకున్నారు. తర్వాత వాళ్లను కలకత్తా మీదుగా ఐరోపాకు పంపేశారు.

అసలు సంగతి ఇప్పుడు చెప్పాలి. జులై 1న నెపోలియన్ ఈజిప్టులో దిగాడు. భారతదేశం వైపే వస్తున్నాడని కంపెనీవాళ్ల గుండెలు అదిరాయి. ఆ కబురు కలకత్తాలో వెల్లస్లీకి అందింది అక్టోబరు 18న. నాలుగు రోజులకు మూసీ ఒడ్డున సిపాయిలు ఆయుధాలు వదిలారు. కానీ ఆగస్టు 1 రాత్రే నైలు నది మొగదల నెల్సన్ ఫ్రెంచి నౌకాదళాన్ని నాశనం చేశాడు. నెపోలియన్ ఈజిప్టు ఇసుకలో చిక్కుకుపోయి అప్పటికి పదకొండు వారాలు దాటింది. ఆ కబురు కలకత్తా చేరింది అక్టోబరు నెలాఖరుకు. ఓడలు లేని సైన్యం వస్తుందన్న భయం, చచ్చిపోయిన సేనాని మీద భయం, వంద మంది రాని దండు మీద భయం. ఈ మూడు భయాలూ ఉత్తరాల్లో బతికే ఉన్నాయి కనుక పదకొండు వేల మంది బతుకుతెరువు పోయింది.

వెల్లస్లీకి ఇవన్నీ తెలిసి ఉంటే ఆగేవాడా? ఆగేవాడు కాదనే అనుకుంటాను. అతనికి కావలసింది దక్కను, ఫ్రెంచి భయం దానికి దొరికిన దారి. అయినా ఆ భయం పూర్తిగా దొంగభయం కాదు. ఉత్తరాలు రాసినవాళ్లు తాము రాసింది నమ్మారు. అదే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది.

చేరని ఉత్తరం

1799 జనవరిలో కైరో నుంచి నెపోలియన్ టిప్పుకు ఉత్తరం రాశాడు. ఎర్రసముద్రం ఒడ్డుకు వచ్చాను, మీ మనిషిని సూయెజ్‌కు పంపండి, మాట్లాడదామన్నది దాని సారాంశం. ఆ ఉత్తరం జెద్దాలో ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కింది. మే 4న శ్రీరంగపట్నం కూలింది, టిప్పు కోట గుమ్మంలో నేలకొరిగాడు. ముట్టడిలో కంపెనీ సైన్యం పక్కన మీర్ ఆలం నడిపిన నిజాం దండు కూడా ఉంది.

టిప్పు రాజ్యంలో నిజాంకు వాటా వచ్చింది. వచ్చింది నిలవలేదు. 1800 అక్టోబరు 12న ఇంకో ఒప్పందం. కంపెనీ సైన్యం ఖర్చుకు ఏటేటా డబ్బు ఇచ్చే బదులు, 1792లో, 1799లో టిప్పు నుంచి తనకు వచ్చిన సీమనంతా నిజాం కంపెనీకి రాసిచ్చాడు. బళ్లారి, అనంతపురం, కడప వైపు నేల అది. తెలుగువాళ్లు దాన్ని దత్త మండలాలన్నారు. 1928లో నంద్యాలలో చిలుకూరి నారాయణరావు గారు ఆ పేరులోని చిన్నతనం తీసేసి రాయలసీమ అనేదాకా ఆ మాటే చెలామణి అయింది. మారిషస్‌లో గోడకు అంటించిన కాగితానికీ, కడప రైతు పన్ను కట్టే కచేరీ మారడానికీ మధ్య రెండేళ్ల ఎనిమిదిన్నర నెలలు.

హుస్సేన్‌సాగర్ ఒడ్డున విడిది చేసిన కంపెనీ పటాలాలే తర్వాత సికింద్రాబాదు అయ్యాయి. రెసిడెంటు కోసం మూసీ ఉత్తరపు ఒడ్డున కట్టిన భవనం కోఠీ మహిళా కళాశాల అయింది. గెలిచినవాళ్ల గుర్తులు అలా నగరమంతా పరుచుకున్నాయి.

ఓడినవాళ్లకు మిగిలిన పెద్ద గుర్తు ఒక్కటే. ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద రేమండ్ సమాధి. దాదాపు ఏడు మీటర్ల నల్లరాతి స్తంభం, దాని మీద జె, ఆర్ అనే రెండక్షరాలు. పక్కన గ్రీకు పద్ధతిలో 28 స్తంభాల మంటపం. 2001 వానల్లో ఆ మంటపం కూలిపోతే పురావస్తు శాఖవాళ్లు తిరిగి నిలబెట్టారు. 1940ల దాకా ఏటా మార్చి 25న ఇక్కడ ఉర్సులా జరిగేదని చెబుతారు. అగరొత్తులు వెలిగించి మొక్కుకునేవాళ్లు వచ్చేవారట. గుట్ట మీది నుంచి చూస్తే కింద ఇళ్లు, ఇళ్ల మధ్య మెట్రో రైలు. మూసారాంబాగ్ స్టేషన్‌లో దిగే వేలమంది రోజూ ఆయన పేరు పలుకుతూనే ఉంటారు, తెలియక.

చెంప మీద పుట్టుమచ్చ

నాగోలు మెట్రోలో ఎక్కితే ఉప్పల్, స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ, తర్వాత తార్నాక. ఈ కథకు కావలసిన కాగితాలు చాలా మటుకు దిగినచోట నుంచి దగ్గరే, రాష్ట్ర పురాభిలేఖాగారంలో ఉన్నాయి. కిర్క్‌పాట్రిక్ సోదరుల ఉత్తరాలు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి, వాటి మీద పుస్తకాలు వచ్చాయి. వెల్లస్లీ ఉత్తరాలు 1830లలోనే అయిదు సంపుటాలుగా అచ్చయ్యాయి. అందుకే మనం ఆ ఏడాదిని ఎప్పుడూ కలకత్తా కిటికీలోంచే చూస్తాం. ఇటువైపు కాగితాలు పారశీకంలో ఉన్నాయి, అందులోనూ గొలుసుకట్టులా విరిగి విరిగి సాగే శికస్తా రాతలో. ఆ రాత చదవగలిగే తెలుగు పిల్లలు ఎంతమంది? ఒకప్పుడు మన రాయసంవాళ్లు, మజుందార్లు, దుబాసీలు ఆ భాషలో లెక్కలు రాసి ఇళ్లు నిలబెట్టుకున్నారు. రెండు వందల ఏళ్లలో ఆ తాళంచెవి పారేసుకున్నాం. ఒక్కో విశ్వవిద్యాలయం నుంచి ఇద్దరేసి విద్యార్థులను అయిదేళ్లు అక్కడ కూర్చోబెట్టి చదివిస్తే మన పద్దెనిమిదో శతాబ్దం మన చేతికి వస్తుంది. ఇది అత్యాశ కాదు. 1950ల నాటి అధికారులు తమ పరిమితుల్లోనే ‘పూనా అఖ్బార్స్’ వంటి పని మొదలుపెట్టి చూపించారు.

ఆ పురాభిలేఖాగారంలోనే షాజహాన్, ఔరంగజేబుల కాలపు కాగితాలు ఉన్నాయి. వాటిలో అర్జ్-ఓ-చెహ్రా అనే రకం నా మనసుకు బాగా దగ్గరైనది. దక్కనులో మొగలు కొలువులో చేరిన సిపాయిల గుర్తుల చిట్టా అది. పేరు, తండ్రి పేరు, ఎత్తు, రంగు, ముఖం మీద పుట్టుమచ్చ ఎక్కడుంది, గాయం మచ్చ ఎక్కడుంది. సిపాయి గుర్రానికి కూడా అలాగే. ఒకరి బదులు ఒకరు వచ్చి జీతం తీసుకోకుండా రాసుకున్న లెక్క. మూడు వందల యాభై ఏళ్ల తర్వాత, ఆ మనిషి ఎడమ కనుబొమ మీద గాటు ఉందని మనకు తెలుస్తుంది.

1798 అక్టోబరు 22 గురించి దొరలు రాసుకున్న ఉత్తరాల్లో మూసీ ఒడ్డు సిపాయిలు ఒక అంకె. పదకొండు వేలు. వాళ్లు ఏ ఊళ్ల నుంచి వచ్చారు, తుపాకి కింద పెట్టాక ఎటు నడిచారు, ఇస్తామన్న బకాయి జీతం ఇంటికి ఎంత పట్టుకెళ్లారు? పారశీకం నేర్పే ఒక మౌల్వీ సాబ్ దగ్గర ఈ మధ్యే అక్షరాలు దిద్దుతున్నాను. ఈ వయసులో చేయి తిరగడం లేదు, అలిఫ్ నిలువుగా వస్తోంది గానీ నూన్‌లో వంపు కుదరడం లేదు. రోజూ రాత్రి ఒక పేజీ రాసి, పొద్దున మెట్రోలో దాన్ని మళ్లీ చదువుకుంటున్నాను.